మూడో కోర్టు తడి

ఆ ఊళ్లో టెన్నిస్ ఆడాలంటే ముందు సూర్యుడి సెలవు తీసుకోవాలి. తెల్లవారి ఆరింటి నుంచి తొమ్మిది దాకా ఒక ఆట, సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటి పడేదాకా ఇంకో ఆట. మధ్యలో కోర్టులన్నీ పొయ్యి మీది పెనాలే. కాకి కూడా కాలు మోపదు.

క్లబ్బులో మట్టి కోర్టులు నాలుగు. గేటు పక్క గోడకు ఒక నల్లపలక. సభ్యులు ముందు రోజే సుద్దముక్కతో తమ పేర్లు రాసుకుంటారు. పొద్దుటి గళ్లూ సాయంత్రం గళ్లూ కిక్కిరిసి ఉంటాయి. మధ్యాహ్నం గళ్లలో సుద్ద పడిన పాపాన పోలేదు. ‘పనివాళ్ల పిల్లలు సభ్యులు లేని వేళ ఆడుకోవచ్చును’ అని దయగల పెద్దమనిషి ఎవరో ఒకప్పుడు రూల్సు పుస్తకంలో రాయించాడు. ఆయన ఫ్యాను కింద కూర్చుని రాయించి ఉంటాడు.

ఆ ఖాళీ గళ్లలో పెరిగింది ఎండపిల్ల.

ఆ పేరు పెట్టింది క్లబ్బులో ఆడే లావు డాక్టరు. పదేళ్ల పిల్ల మిట్టమధ్యాహ్నం మూడో కోర్టులో గోడకేసి బంతి కొట్టుకుంటుంటే చూసి, “ఇదెవరి పిల్లయ్యా, ఎండను మింగేస్తోంది!” అన్నాడు. “మాదేనండీ” అన్నాడు నీళ్లాయన. ఆ రోజునుంచి ఆదివారాలు తన ఆట అయ్యాక, తొమ్మిది దాటి, ఒక గంట ఆ పిల్లకు బంతులు వేసేవాడు డాక్టరు. తన పాత రాకెట్టు కూడా ఇచ్చాడు. మిగతా రోజుల్లో అవతలి వైపు నిలబడేది నీళ్లాయనే. చెప్పుల కాళ్లతో, తీగలు తెగిన రాకెట్టుతో. బంతి నెట్టు దాటితే వాళ్లిద్దరికీ పండగే.

నీళ్లాయన కోర్టులు తడిపేవాడు. అంతకుముందు మడికి నీళ్లు కట్టినవాడు. మట్టి మాట వినడం అక్కడ నేర్చుకున్నదే. తెల్లవారుజామున నాలుగింటికి పైపు పట్టుకునేవాడు. మట్టి ఎంత తాగిందో బొటనవేలితో నొక్కి చూసేవాడు. రోలరు లాగి, గోనెపట్టా ఈడ్చి, సున్నంతో గీతలు దిద్దేసరికి ఆరయ్యేది. కోర్టు అప్పుడే దువ్విన తలలా ఉండేది. ఇరవై ఏళ్లు అదే పని. తొమ్మిదయ్యేసరికి ఆ తడంతా ఎండ తాగేసేది. మళ్లీ నాలుగింటిదాకా నీళ్లు పట్టడానికి వీల్లేదు. తొట్టిలో నీళ్లు రెండు పూటలకే సరి.

అందుకని ఎండపిల్లకు తెలిసిన కోర్టు వేరు. మధ్యాహ్నం మట్టి పొడిపొడిగా లేస్తుంది. దాని మీద ఆగాలనుకుంటే బోర్లా పడటమే. జారుతూ వెళ్లి, జారుతూనే బంతి కొట్టాలి. ఆ పిల్ల అలా జారేది. మూరన్నర పొడుగు గీత పడేది మట్టి మీద. సాయంత్రం పట్టా లాగేముందు నీళ్లాయన ఆ గీతలను చూసి నవ్వుకునేవాడు.

“నల్లగా మాడి బొగ్గయిపోతోంది, నీకు కనబడదా?” అనేది ఇంట్లో తల్లి మొగుడితో, కుట్టుమిషను ఆపకుండానే.

“బొగ్గు కాకపోతే వజ్రం ఎక్కణ్ణుంచి వస్తుందే?”

“చాల్లే. వజ్రమయ్యాక చెప్పు, టోపీకి కుట్టుకుంటాను.”

అన్నదేగానీ ఎండకు మెడ కాలకుండా వెనక గుడ్డ వేలాడేలా పెట్టి మరీ కూతురికి టోపీ కుట్టింది.

ఎండపిల్లకు ఒకటే కోరిక. ఒకసారి తండ్రితో చెప్పింది. “నాన్నా, నా నీడ ఎప్పుడూ నా కాళ్ల కిందే నలిగిపోతుంది. పొద్దున్నే ఆడేవాళ్ల నీడలు చూడు, నెట్టు దాకా పాకుతాయి. అలా ఒక్కసారి ఆడాలి.”

పదిహేడో ఏట ఆ అవకాశం వచ్చింది. పెద్ద శిక్షణ కేంద్రంలో అమ్మాయిలకు ఒక్క చోటు ఖాళీ ఉంది. తిండి, చదువు, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు. వయసు హద్దు పద్దెనిమిది కాబట్టి ఇదే ఆఖరు. ఎంపిక పోటీలు ఈ క్లబ్బులోనే పెట్టారు. మొదటి రెండు ఆటలు పదింటికీ, పన్నెండింటికీ పడ్డాయి. ఎదుటి పిల్లలు టవళ్లు తడుపుకుని నెత్తిన వేసుకుంటుంటే ఎండపిల్ల మాత్రం ఇంట్లో తిరిగినట్టు తిరిగింది. రెండూ గెలిచింది. ఇక ఫైనలు. గెలిచినవాళ్లకే చోటు.

ఫైనలు పొద్దున్నే ఆరున్నరకు, మూడో కోర్టులో పెట్టారు. ఎంపిక చేసే పెద్దలు ఫైనలుకే వస్తారు, వాళ్లకు ఎండ పడదట.

ఎదురాడేది వకీలుగారి అమ్మాయి. ఐదేళ్లుగా ఈ క్లబ్బులోనే, పొద్దుటి పూట ఆడుతోంది. బంతిని పిడుగులా కొడుతుంది. ఫైనలు ముందు రోజు సాయంత్రం నీళ్లాయన గట్టు మీద కూర్చుని చాలాసేపు ఆ పిడుగు గురించే ఆలోచించాడు. లావు డాక్టరు ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చింది: “తడి కోర్టు బలంగా కొట్టేవాళ్ల పొగరు దించుతుందయ్యా. బంతి మెత్తబడి కూర్చుంటుంది. పరిగెత్తేవాడిదే రాజ్యం.”

తన కూతురు పరిగెత్తే పిల్ల.

మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి బదులు మూడున్నరకే వచ్చాడు. మూడో కోర్టుకు ఒక తడి ఇచ్చాడు. మట్టి తాగాక ఉప్పు చల్లాడు, తడి పట్టి ఉంచడానికి. మళ్లీ ఇంకో తడి ఇచ్చాడు. ఇరవై ఏళ్లలో ఎవరి పక్షానా నీళ్లు పట్టని మనిషి. చేతిలో పైపు దొంగసొత్తులా బరువెక్కింది. బొటనవేలు నొక్కి చూస్తే మామూలు కంటే లోపలికి దిగింది. ‘ఒక్కరోజు. ఒక్క పిల్ల కోసం’ అనుకుని రోలరు లాగాడు.

ఆరున్నరకు ఎండపిల్ల కోర్టులోకి దిగింది. నీడ పొడుగ్గా సాగి నెట్టు మీద పడింది. తండ్రి వైపు తిరిగి, వేలితో ఆ నీడను చూపించి నవ్వింది. అతను కళ్లు తుడుచుకోబోయి, ఎవరైనా చూస్తారని ముక్కు తుడుచుకున్నాడు.

ఆట అనుకున్నట్టే సాగింది. వకీలుగారి అమ్మాయి పిడుగులు నేలను తాకి బూరెల్లా మెత్తబడ్డాయి. ఎండపిల్ల అన్నిటినీ అందుకుంది. చిన్న చిన్న అడుగులు వేస్తూ ఆడుతోంది. ఎప్పుడూ అలా ఆడదే అని తండ్రికి అనిపించింది గానీ, ఫైనలు కదా, ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడుతోంది అనుకున్నాడు. మొదటి సెట్టు ఆరు నాలుగు. ఎండపిల్లదే.

మధ్యలో నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు వకీలుగారి అమ్మాయి విసుక్కుంది. “నీళ్లాయనా, ఇవాళ ఎక్కువ తడిపావా? బంతి లేవట్లేదు.”

“లేదమ్మా. రాత్రి మంచు పడింది.”

“ఈ ఊళ్లోనా? మంచా?”

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎండపిల్ల నవ్వలేదు. సీసా మూత బిగిస్తూ తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, కోర్టులోకి వెళ్లిపోయింది.

రెండో సెట్టులో నాలుగు రెండు. ఇంకో రెండు గేములు గెలిస్తే చాలు. అప్పుడు వకీలుగారి అమ్మాయి బంతిని మెల్లగా నెట్టు అవతలికి జారవిడిచింది. ఎండపిల్ల వెనక గీత దగ్గర నుంచి ప్రాణం పెట్టి పరిగెత్తింది. అంత పరుగులో మనిషి ఆలోచించడు, ఒంటికి అలవాటైందే చేస్తాడు. ఏడేళ్లుగా చేసినట్టే ఎడమకాలు ముందుకు చాచి, జారడానికి ఒళ్లు వదిలేసింది.

కాలు జారలేదు. తడిమట్టి పాదాన్ని పట్టేసుకుంది. ఒళ్లు మాత్రం ముందుకు వెళ్లింది. మోకాలు రెంటికీ మధ్య నలిగింది.

గట్టు మీద నిలబడ్డవాళ్లకు కూడా ఆ చప్పుడు వినిపించింది.

లావు డాక్టరు ఆయాసపడుతూ వచ్చి మోకాలు పట్టి చూశాడు. మెల్లగా కదిపి చూశాడు. తర్వాత, ఎందుకో, పక్కనున్న మట్టిని బొటనవేలితో ఒకసారి నొక్కాడు. నీళ్లాయన వైపు చూడలేదు.

“లోపల తెగింది. ఎత్తండి, నెమ్మదిగా” అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. నీళ్లాయన వెనకాలే రెండడుగులు వేశాడో లేదో, క్లబ్బు సెక్రటరీ పిలిచాడు. “నీళ్లాయనా, అబ్బాయిల ఫైనలు ఉంది. ఎండెక్కేలోగా అయిపోవాలి. పది నిమిషాల పని, కోర్టు చదును చేసేసి వెళ్లు. డాక్టరుగారు ఉన్నారుగా.”

పట్టా తీసుకున్నాడు. నెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆ గుర్తు కనిపించింది. మూరన్నర ఉండాల్సిన గీత జానెడు కూడా లేదు. మడమ దిగబడిన గుంట, దాని ముందు కొంచెం మట్టి కుప్పబడి ఉంది. అంతే. అప్పుడు తెలిసింది అతనికి. ఇన్నేళ్లూ ఈ కోర్టుని తెల్లవారి ఎంతో అందంగా తయారుచేసింది వకీలుగారి అమ్మాయి లాంటి వాళ్ల కోసం. తన కూతురు ఒక్కసారి కూడా దీని మీద నిలబడలేదు. తాను చేసే కోర్టు తన పిల్లకు పరాయిదన్న సంగతి, మట్టి ఎంత తాగిందో వేలితో కనిపెట్టే మనిషికి తట్టలేదు.

“కానీవయ్యా!” అన్నాడు సెక్రటరీ.

గోనెపట్టా ఆ గుర్తు మీదుగా లాగాడు. ఒక లాగుకు పోలేదు. రెండోసారి లాగాడు.

ఆ చోటు వకీలుగారి అమ్మాయికి వెళ్లింది. ఎండపిల్ల మోకాలికి ఆపరేషను చేశారు. నడుస్తుంది, మెట్లు ఎక్కుతుంది, పరుగు సంగతి మాత్రం అడగొద్దన్నారు. నీళ్లాయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేవాడు, ముద్ద నోటి దాకా వెళ్లేది కాదు. పదిహేను రోజులయ్యాక ఒక మధ్యాహ్నం, తల్లి బయటికెళ్లిన వేళ చూసి, మంచం పక్కన కింద కూర్చున్నాడు.

“నేనే చేశానమ్మా. కంచే చేను మేసింది. ఆ రోజు రెండు తడులు పెట్టాను. ఉప్పు కూడా చల్లాను. నువ్వు గెలవాలని…”

“తెలుసు నాన్నా.”

“ఎవరు చెప్పారు? డాక్టరుగారా?”

“కాలు పెట్టగానే తెలిసింది. అంటుకుంటోంది. ముందు మామూలు తడేమో, నాకే కొత్తేమో అనుకున్నా. నువ్వు మంచు పడిందన్నాక అర్థమైంది. నీకు అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు.”

“మరి చెప్పలేదేమే? అంపైరుతో అంటే ఆరేదాకా ఆపేవాళ్లు కదా!”

“ఏమనను? మా నాన్న నా కోసం కోర్టు తడిపాడు, కాస్త ఆరబెట్టండి అనా? నీ ఉద్యోగం ఉండేదా?” కాసేపు కట్టు కట్టిన మోకాలి వైపు చూసింది. “జాగ్రత్తగానే ఆడాను. ఆ ఒక్క బంతికే మర్చిపోయా.”

అతను తల మంచం పట్టీకి ఆనించాడు. ఆ పిల్ల అతని జుట్టులో చెయ్యి పెట్టింది. కాసేపటికి, “నీడ మాత్రం బాగుంది నాన్నా” అంది. ఆ మాటకే ఇద్దరూ ఏడ్చారు.

తర్వాత కూడా మధ్యాహ్నం రెండయ్యేసరికి నీళ్లాయన కాళ్లు మూడో కోర్టు వైపే నడిచేవి. చెప్పులు విడిచి, వెనక గీత దగ్గర నిలబడేవాడు. మట్టి అరికాళ్లను కాల్చేది. నీడ కాళ్ల కింద ముడుచుకుని ఉండేది. కోర్టులో ఎక్కడా ఒక జారుడు గీత లేదు, పొద్దుటి ఆటగాళ్ల అడుగుల గుర్తులు తప్ప.

సాయంత్రం నాలుగింటికి పైపు తీసుకున్నాడు ఒకరోజు. ఒకటోది తడిపాడు, రెండోది తడిపాడు, నాలుగోది తడిపాడు. పైపు చుట్టబోతుంటే గేటు దగ్గర లావు డాక్టరు రాకెట్టు సంచీతో నిలబడి ఉన్నాడు. పలక మీద ఆయన పేరు మూడో కోర్టు గడిలోనే ఉంది.

“మూడోది మర్చిపోయినట్టున్నావ్” అన్నాడు డాక్టరు, మెత్తగా.

“మర్చిపోలేదండీ.”

డాక్టరు సంచీ బెంచీ మీద పెట్టి కూర్చున్నాడు. “నాకేం తొందర లేదులే” అన్నాడు.

అవతలి కోర్టుల్లో బంతుల చప్పుడు మొదలైంది. అప్పుడు నీళ్లాయన పైపు విప్పి, మూడో కోర్టు తడిపాడు. ఒక్క తడి. బొటనవేలు నొక్కి చూడకుండానే వెళ్లిపోయాడు.