అరగంట అష్టాచెమ్మా

గుంటూరులో మిరపకాయలకు తొడిమలు తీసే షెడ్డులో నాది పని. మధ్యాహ్నం అన్నానికి అరగంట ఇస్తారు. పది నిమిషాల్లో తినేసి, మిగిలిన ఇరవై నిమిషాలూ అష్టాచెమ్మా ఆడతాం. ఇటుకముక్కతో నేలమీద గళ్లు గీసేది నేను. గవ్వలు మా అమ్మవి. పొద్దుటినుంచీ ఆ ఘాటుకు తుమ్మి తుమ్మి చచ్చే పదకొండు మంది ఆడవాళ్లం నోరారా నవ్వేది అప్పుడే.

ఆ నవ్వే కొత్త గుమస్తా వేణుగోపాల్‌కు గిట్టలేదు.

"ఏంది ఖాదర్‌బీ, షెడ్డులో జూదమా? రేపట్నుంచి ఇవన్నీ కట్టిపెట్టండి," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్‌లో డబ్బులు పెట్టి క్రికెట్ టీములు కట్టి, ఎక్కడో ఎవడిదో వికెట్ పడితే కుర్చీలోంచి ఎగిరి గంతేసేది ఈయనే. ఆయన ఆడితే కాలక్షేపం, మేం ఆడితే జూదం! మేం పైసా పందెం కాసిన పాపాన పోలేదు. ఓడినవాళ్లు అందరికీ మంచినీళ్లు తేవాలి, అంతే.

"జూదం నీ చేతిలో ఉంది బాబూ. ఇది ఆట. చేతనైతే కూర్చుని నన్ను గెలువు. గెలిచావా, ఇక ఈ షెడ్డులో గవ్వ మోగదు," అన్నాను.

పక్కనున్న వెంకటేశ్వరమ్మ నా మోచెయ్యి గిల్లింది. నేను పట్టించుకోలేదు.

అతనికి ఆట రాదనుకున్నాను. తీరా కూర్చున్నాక చెప్పాడు, చీరాలలో వాళ్ల నాయనమ్మ నేర్పిందట. నా కాయలు చింతపిక్కలు, అతనివి గాజుముక్కలు. ఇద్దరికీ మూడేసి కాయలు పండాయి. నా నాలుగో పిక్క నడిమింటి పక్కనే ఉంది. ఒక్కటి పడితే గెలుపే. పడలేదు. మూడు, రెండు, మళ్లీ మూడు. అతనికి ఒక్కసారే ఎనిమిది, అష్టా పడింది. దాంతో నా పిక్కను చంపాడు. అది మళ్లీ లేచేలోపే అతని నాలుగోదీ పండింది.

వేణుగోపాల్ లేచి, కాలితో గళ్లు చెరిపేసి వెళ్లాడు.

"మా అందరి ఆటనీ నువ్వెట్టా పందెం పెట్టావక్కా? ఒక్కమాట మమ్మల్ని అడిగావా?" అంది వెంకటేశ్వరమ్మ.

నా పొగరుకు నాకే సిగ్గేసింది.

మర్నాడు అన్నాలు తిన్నాక ఎవరి మూల వాళ్లు కూర్చున్నారు. చూడలేకపోయాను. ఇటుకముక్క తీసి గళ్లు గీశాను. గవ్వలు వెంకటేశ్వరమ్మ చేతిలో పోశాను. వేణుగోపాల్ పరిగెత్తుకొచ్చాడు.

"ఓడిపోయి మాట తప్పుతావా?"

"నా వరకూ తప్పను. ఓడింది నేను. చచ్చేదాకా ఇక గవ్వ ముట్టను. వీళ్ల తరఫున అన్న మాట మాత్రం తప్పుతున్నా. వీళ్లు నీతో ఆడలేదు, ఓడలేదు. నాది కానిదాన్ని నేను పందెం పెట్టా. నువ్వేమో గెలిచేశానని మురిశావు. మనిద్దరికీ బుద్ధి లేదు."

"పనిలోంచి తీసేస్తా!"

"తీసెయ్యి. గోడౌన్ నిండా సరుకుంది. కూర్చుని నువ్వే తొడిమలు తీసుకో."

వెంకటేశ్వరమ్మ వచ్చి గళ్ల ముందు చతికిలబడింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ వచ్చి, పదిమందీ చుట్టూ చేరారు. ఇంతమందినీ తీసేస్తే సాయంత్రానికి సరుకు లేవదని అతనికీ తెలుసు. నావైపు కొరకొరా చూసి వెళ్లిపోయాడు.

అమ్మ గవ్వలు వేరే చేతుల్లో గలగలమంటుంటే నాకు ఏడుపొచ్చింది. మిరపకాయల చేతులతో కళ్లు తుడుచుకునే వీల్లేదు. కారనిచ్చాను.

వెంకటేశ్వరమ్మకు నాలుగు, చెమ్మా పడింది. ఏ కాయ జరపాలో తోచక నా మొహం చూసింది.

"చూస్తావేందే, చంపెయ్!" అని షెడ్డు అదిరేలా అరిచాను. అరవనని నేనెవరికీ మాటివ్వలేదు.