వార్డు బయట ఇద్దరు

రాధారాణి భర్త దామోదర్‌ది విశాఖపట్నం, సరుకు ఓడలో ఇంజను గది పని. నడిసముద్రంలో కిడ్నీలు చెడిపోతే ఓడవాళ్లు అతన్ని గువామ్‌లో దించి వెళ్లిపోయారు. అది అమెరికా ఏలుబడిలోని దీవి. రెండు మూడు రోజులకోసారి డయాలిసిస్ మెషిన్‌తో రక్తం శుభ్రం చేయకపోతే ప్రాణాపాయం కనుక పెరోల్ మీద ఉండనిచ్చారు. పెరోల్ అంటే వీసా కాదు, దయతలచి ఇచ్చే గడువు. తోడుండడానికి భార్యకూ ఇచ్చారు. ఆర్నెల్లకోసారి పొడిగించేవారు.

1984 ఆగస్టులో పొడిగింపుకు బదులు ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. దీవిలో ఇలాంటి పెరోళ్లన్నీ రద్దు. ముప్ఫై రోజుల్లో వెళ్లిపోవాలి.

ముందు పక్క వాటాలోని ఫిలిప్పీన్స్ కుటుంబం కనబడకుండా పోయింది. తీగ మీద పిల్లల బట్టలు వారం రోజులు అలాగే వేలాడాయి. తర్వాత ఎదురింటి ముసలాయన. ఎవరి గురించీ ఎవరూ అడగడం లేదు.

ఆసుపత్రిలో డాక్టర్ శశికళ ఒక్కతే తెలుగు మనిషి.

"లెటర్ రాశానమ్మా, రెండుసార్లు ఫోన్ కూడా చేశాను. రివ్యూ చేస్తామంటారు, అంతే."

"మద్రాసులో ఈ మెషిన్ దొరుకుతుందా డాక్టరు గారూ?"

"ఉంది. కానీ వెయిటింగ్ లిస్టు. మెషిన్ లేకుండా ఈయన మూడు రోజులు మించి ఆగలేరు."

ఇరవై తొమ్మిదో రోజున ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి రాధారాణికి ఫోను. మంగళవారం తొమ్మిదింటికి ఇద్దరూ పాస్‌పోర్టులతో రావాలట. ఆ గొంతు ఎంతో మర్యాదగా ఉంది. ఆ మర్యాదే ఆమెను భయపెట్టింది.

మంగళవారం డయాలిసిస్ రోజు. ఆమె భర్తకు ఏమీ చెప్పకుండా ఆసుపత్రికే తీసుకొచ్చింది. తొమ్మిదింటికి మెషిన్ మొదలైంది. పదింటికి ఇద్దరు మనుషులు వచ్చారు. లోపలికి రాలేదు. ఒకడు వార్డు తలుపు అద్దంలోంచి చూసి, నర్సును ఏదో అడిగి, వాచీ చూసుకున్నాడు. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు.

శశికళ వాళ్లతో మాట్లాడి వచ్చింది.

"అవ్వగానే ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తారట. మద్రాసు ఆసుపత్రికి ట్రంక్ కాల్ బుక్ చేశాను. లైన్ దొరకట్లేదు."

రాధారాణి కుర్చీ జరిపి, అద్దానికి అడ్డంగా కూర్చుంది.

దామోదర్ కళ్లు తెరిచాడు. "బయట ఎవరే?"

"ఎవరో పేషెంటు తాలూకు."

"పాపం, ఎంతసేపటి నుంచి కూర్చున్నారో. మంచినీళ్లయినా ఇమ్మను."

ఒంటిగంటకు మెషిన్ ఆగింది. నర్సు సూది తీసి దూది నొక్కిపట్టింది. కావలసినదానికన్నా చాలాసేపు అలాగే పట్టుకుంది. రాధారాణి వెనక్కి తిరిగి చూడలేదు. బయట బల్ల కిర్రుమంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.