గంగాధరప్ప కొట్టంలో మౌనం

జోజమ్మ నోరు మూతపడగా చూసినవాళ్లు ఆ ఊళ్లో ఎవరూ లేరు. భర్త పుల్లన్న తాడిపత్రిలో బండలు కోసే మిషను దగ్గర పనిచేసేవాడు. రోజంతా ఆ రొదలో నిలబడి వచ్చినవాడు కూడా ఇంటికొచ్చాక "రోంతసేపు ఊపిరి తీసుకోమే" అని బతిమాలేవాడంటే ఇక చెప్పేదేముంది! మాటలైనా నయమే. మాటలకు ముందూ వెనకా నవ్వు ఉండేది. ఆ నవ్వుకు వేళాపాళా లేదు. కన్నతల్లిని సమాధి చేసిన రోజున, జపం చెబుతున్న ఉపదేశి కాలు జారి, ఒక చెప్పు గోతిలో పడింది. అప్పటిదాకా గుండెలు బాదుకుంటున్న జోజమ్మ పక్కున నవ్వింది. నవ్వినందుకు మళ్లీ ఏడ్చింది. ఏడుస్తుంటే ఆ చెప్పు గుర్తొచ్చి మళ్లీ నవ్వింది. బంధువులు ఏడాది పాటు ఆ సంగతే చెప్పుకున్నారు.

అలాంటి మనిషికి మౌనం మీద మోజు పుట్టింది. దేవుడి లీల అనండి, ఖర్మ అనండి, మీ ఇష్టం.

ఆ మౌనం డెబ్బై రెండు కరువులో మొదలైంది. ఊళ్లోని క్రైస్తవుల గుడికి ఫాదర్ గారు నెలకొకసారి మోటారు సైకిలు మీద వచ్చేవారు. మిగతా రోజుల్లో ఉపదేశే దిక్కు. వానకోసం జపమాలలు అయ్యాయి, నవదిన ప్రార్థనలు అయ్యాయి, పునీత అంతోనివారికి మొక్కులయ్యాయి. చివరికి శిలువనెత్తుకుని చేలగట్ల వెంబడి ఊరేగారు. వాన రాలేదు సరికదా, ఉపదేశికి వడదెబ్బ తగిలింది. ఆ సాయంత్రం రేకుల గుడిలో బయమ్మవ్వ లేచింది. ఊళ్లో పెద్ద ముసలి, పళ్లులేని నోరు, నవ్వు ఎరగని మొహం.

"అడిగింది చాలప్పా. ఇన్నేండ్లూ మనమే వాగితిమి. పైనున్న ఆయప్పకు యాడన్నా సందిచ్చినామా? రేపట్నుంచి నోర్లు మూసుకోని కూసుందాం. ఏమన్నా చెప్తే ఇందాం. చెప్పకపోతే ఊరికే కూసుందాం."

మర్నాటి నుంచి పొద్దుగూకే వేళ పదిమంది కూలి ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు గుడిలో ఊరికే కూర్చోసాగారు. వాన తన తీరికను బట్టి వచ్చింది, పోయింది. వీళ్లు మాత్రం మానలేదు. ఊళ్లోవాళ్లు 'ఊరికే కూసునేటోళ్లు' అని ఎగతాళి చేస్తే, పేరు బాగుందని దాన్నే సంఘానికి పెట్టుకున్నారు.

ఫాదర్ గారికి సంగతి తెలిసి అడిగారు. "మౌన ధ్యానం మఠంలో సిస్టర్లు చేసేది కదమ్మా. సంసారాలున్నవాళ్లు, మీకెందుకు?"

"మఠంలో ఎట్లనూ సద్దుండదు సామీ. సద్దంతా మా ఇండ్లల్లోనే ఉండాది. జబ్బు యాడుంటే మందు ఆడ కదా వేయల్ల?" అంది బయమ్మ.

ఫాదర్ గారు కాసేపు గడ్డం గోక్కున్నారు. "లాటిన్ పూజే తెలుగులోకి వచ్చింది. మౌనం కూలోళ్ల ఇంటికి రాకూడదా ఏంది?" అనుకుంటూ మోటారు సైకిలు కిక్కు కొట్టారు. సంఘానికి దొరికిన అనుమతి అదే.

సాయంత్రం గుడిలోంచి బయటికొచ్చే వాళ్ల మొహాలు చూసి జోజమ్మకు కడుపు మండేది. కడుపునిండా కుడితి తాగి వచ్చిన గేదెల్లా అంత నిదానంగా వచ్చేవాళ్లు. వీళ్లకు లోపల ఏదో దొరుకుతోంది, తనకు దక్కడం లేదు. వెళ్లి కూర్చునేది. ఒక పరలోక జపం పట్టేంతసేపు బాగానే ఉండేది. అంతలో బల్లి కిందపడేది, లేదా ఎవరి కడుపో గుర్రుమనేది. ఇక జోజమ్మ నవ్వు ఆగేది కాదు. నవ్వు అంటువ్యాధి కదా, ఆ వరసంతా పాడయ్యేది. విసిగి విసిగి బయమ్మ ఒకరోజు వాకిలి చూపించింది.

"నువ్వు బయట అరుగు మీద కూసోమ్మే. నవ్వు అయిపోయినాక లోపలికి రా."

నవ్వు ఏనాడూ అయిపోలేదు. ఏళ్ల తరబడి జోజమ్మ అరుగు మీదే కూర్చుంది. ఆయప్పకు నేనంటే పడదేమో అనుకునేది. ఆ ఆలోచన వచ్చినప్పుడు మాత్రం ఆమెకు నవ్వు వచ్చేది కాదు, దుఃఖం వచ్చేది.

ఎనభయ్యో సంవత్సరం తొలకరికి నాలుగు చినుకులు పడ్డాయి. మోతుబరి రైతు గంగాధరప్ప కొట్టంలో వేరుశనగ విత్తనం ఒలవడం మొదలైంది. తెల్లవారిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా పని. ఇంటికొచ్చి పడితే నిద్ర. సాయంత్రం గుడికి పోయే ఓపిక ఎవరికీ లేదు. ఆ గంటేదో మధ్యాహ్నం కాయలు ఒలుస్తూనే మౌనంగా గడుపుతామని బయమ్మ గంగాధరప్పను అడిగింది.

అతను మంచం మీంచి లేచినంత పని చేశాడు. విత్తనం ఒలిపించే రైతులకు ఒక పట్టింపు ఉంది. ఒలిచేవాళ్లు పాడుతూనో మాట్లాడుతూనో ఉండాలి. నోరు మూసుకుందంటే లోపల గింజ ఉన్నట్టే లెక్క. అందుకే ఏటా ఆ కొట్టానికి మొదటి పిలుపు జోజమ్మకే వచ్చేది. ఆమె నోరుంటే పదిమందికి కాపలా. అయినా ఏటా విత్తనం తగ్గేది, ఏటా గంగాధరప్ప తిట్టేవాడు.

"నోరు మూసుకోని ఒలుస్తారా? పిల్లికి పాలకుండ అప్పగిచ్చి నన్ను పండుకోమంటాండావా బయమ్మా?" అని, అంతలోనే జోజమ్మను చూసి పెద్దగా నవ్వాడు. "సరే, ఒక పందెం. మీ అందరి సంగతీ నాకొద్దు. ఈ జోజమ్మ గంటసేపు మాటా నవ్వూ లేకుండా ఉండల్ల. అయినాక పుక్కిలిచ్చి ఊసల్ల. గింజ నమిలి నీళ్లు తెల్లగొచ్చినాయా, మీ మౌనం మీరు ఇంటికి ఎత్తుకపోండి. తేటగా వస్తే దినామూ ఆ గంట మీదే."

కొట్టంలో ఉన్నవాళ్లంతా వానాకాలంలో కారే పైకప్పును చూసినట్టు జోజమ్మను చూశారు.

"ఏమ్మే, అవుతాదా?" అంది బయమ్మ.

"అవుతాదవ్వా," అంది జోజమ్మ. అని, భయంతో కిసుక్కున నవ్వింది.

మధ్యాహ్నం త్రికాల జపానికి ఉపదేశి గుడి ముందు వేలాడే రైలు పట్టా ముక్కను కొట్టాడు. గంటసేపటికి మళ్లీ అది మోగేదాకా మౌనం.

జోజమ్మ తల వంచుకుని కాయ నొక్కింది. చిటుక్కుమంది. పక్కన ఇంకోటి చిటుక్కుమంది. కొట్టమంతా చిటపటమని రేకుల మీద చినుకులు పడుతున్నట్టుంది. ఇన్నేళ్లు ఇక్కడే ఒలిచింది కదా, ఈ చప్పుడు ఎప్పుడూ వినలేదేం? తన నోటి కిందే కదా అది నలిగిపోయింది!

ఒక కోడి తీరుబడిగా వచ్చి గంగాధరప్ప బొటనవేలిని గింజ అనుకుని పొడిచింది. జోజమ్మ పెదవి కరుచుకుంది. పక్కనున్న చిన్నక్క కడుపు గుర్రుమంది. జోజమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. 'సామీ, నీకు నామీద ఏ మాత్రం దయ ఉన్నా ఆ కోడిని యాడికన్నా తోలు' అని వేడుకుంది. కోడి నిజంగానే పోయింది.

అప్పుడు వినిపించింది. కరకర, కరకర.

ఎవరో గింజలు నములుతున్నారు! అందరి కళ్లూ అందరి దవడల మీదికీ పరుగెత్తాయి. ఏ దవడా కదలడం లేదు. చప్పుడు మంచం వైపు నుంచి వస్తోంది. గంగాధరప్ప ఆడవాళ్ల నోళ్లనే రెప్ప వేయకుండా కాపలా కాస్తున్నాడు. అతని చెయ్యి మాత్రం తన పాటికి తాను పక్కనున్న విత్తనం రాశిలోకి పోతోంది, పిడికెడు తీస్తోంది, నోటికి అందిస్తోంది. ఆ సంగతి అతనికే తెలియదు. ఏటా తగ్గిన విత్తనం ఎక్కడికి పోయిందో కొట్టమంతటికీ ఒక్కసారి తెలిసిపోయింది.

జోజమ్మ కడుపులో నవ్వు కట్ట తెంచుకుంది. భుజాలు ఎగిరాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక అయిపోయిందనుకుంది.

"కిక్కి," అని వినిపించింది.

జోజమ్మ కాదు, బయమ్మ! ఎనిమిదేళ్లుగా సంఘానికి మౌనం నేర్పిన ముసలమ్మ, పళ్లులేని నోరు బార్లా తెరిచి, కాయల మీదికి వాలిపోయి నవ్వుతోంది. ఆ తర్వాత చిన్నక్క, ఆ తర్వాత కొట్టం మొత్తం. పొట్టు ఎగిరింది, చేటలు దొర్లాయి. గంగాధరప్ప "ఏమాయె, ఏమాయె?" అందామని నోరు తెరిచి, లోపలి గింజలు గొంతుకు అడ్డంపడి దగ్గసాగాడు. అప్పుడు తన చేతిని తానే చూసుకున్నాడు.

ఆ గోలలో ఒక్క జోజమ్మ నోరే మూసి ఉంది. నవ్వు గొంతుదాకా వచ్చి, తన పనిని బయట ఇంతమంది చేస్తున్నారు కదా అనుకుందో ఏమో, లోపలే చతికిలబడింది. దాని పక్కన ఇంకెవరో కూర్చుని ఉన్నట్టనిపించింది ఆమెకు. వెళ్లగొట్టేవాళ్లలా లేరు. చాలాసేపటి నుంచి అక్కడే ఉన్నట్టున్నారు. జోజమ్మ బుగ్గల మీద కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా కాయలు ఒలిచింది.

రైలు పట్టా మోగింది. ఆమె లేచి చెంబు తీసుకుని పుక్కిలించి ఊసింది. నీళ్లు తేటగా పడ్డాయి. తర్వాత ఆ చెంబును మర్యాదగా గంగాధరప్ప ముందుంచింది.

"నా చెనిక్కాయలు, నా నోరు!" అన్నాడతను. కానీ ఎక్కువసేపు నిలవలేకపోయాడు, కడుపు పట్టుకుని నవ్వేశాడు. "తీసుకోండమ్మా మీ గంట. ఆ గంటసేపు నేనే ఇంటికి పోతా. నేనీడ ఉంటే విత్తనం మిగల్దు."

బయమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని జోజమ్మ దగ్గరికి వచ్చింది. "అందరం చెడితిమి గదమ్మే. నువ్వొక్కదానివే నిలిస్తివి. ఆయప్ప ఏమన్నా చెప్పినాడా?"

జోజమ్మ ఆలోచించింది. ఆమె మాట్లాడే ముందు ఆలోచించడం ఆ ఊరు చూడటం అదే మొదలు.

"ఏం చెప్పలేదవ్వా," అంది. "నవ్వు ఆపుకోని కూసున్న్యాడు, నా మాదిరే."

బయమ్మ కొంచెం జరిగి, తన గోనెపట్టాలో సగం ఆమె వైపు లాగింది.

"ఇంక ఆ గుడి అరుగు మీద వద్దు. ఈడ కూసో," అంది.