వేళ్లు కొయ్యని ఏడు

ఆకు రాలగానే చెట్ల నర్సరీల ఊరు ఓప్‌హ్యూస్డెన్‌లో పారల చప్పుడు మొదలవుతుంది. పట్నం వీధుల్లో నిలబడాల్సిన చెట్టును నాలుగేళ్లకోసారి పెకలించి, వేళ్లు కోసి, పక్క వరసలో మళ్లీ నాటాలి. అలా కోస్తేనే వేళ్లు చెట్టు మొదలు దగ్గరే గుబురుకట్టి, ఎక్కడికి తీసుకెళ్లినా చెట్టు బతుకుతుంది. ఒక్క విడత తప్పిందా, ఇక దాన్ని కదపలేం. హర్మెన్ నర్సరీలో లిండెన్ చెట్లకూ ఇదే పద్ధతి, ఆయన కూతురు ఆల్ట్యేకూ ఇదే పద్ధతి.

ఆల్ట్యే మడమల నుంచి వేళ్లు దిగేవి. కోసిన తర్వాత రెండేళ్లూ ఊరంతా తిరిగేది. మూడో ఏట అవి వంటింటి గుమ్మం దగ్గర మట్టి పట్టేవి, నాలుగో ఏటికి అవి సాగినంత మేరే ఆమె నడక. చర్చి నుంచి వచ్చేవాళ్లు జలుబు సంగతి అడిగినట్టు ఆమె వేళ్ల సంగతి అడిగి పోయేవారు.

ఈ నవంబరు కోసం ఆమె కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. పట్నంలో చెట్ల సంరక్షణ పని ఇస్తామని ఉత్తరం వచ్చింది మరి. తన చేత్తో కర్రకు కట్టి నిటారుగా పెంచిన చెట్లు ట్రామ్ పట్టాల పక్కన ఎలా ఉన్నాయో చూడాలని ఆమెకు ఎంత ఆశో. చెబితే నాన్న మంచిదేనన్నాడు. ఆ ఒక్క మాటకే పొంగిపోయింది పిచ్చిది.

వేళ్లు కొయ్యమంటే, ముందు పాప్లర్ చెట్ల పని కానిమ్మన్నాడు హర్మెన్. తర్వాత వాన అన్నాడు. ఆ తర్వాత ఆదివారం వచ్చింది, ఆ రోజు ఎవరూ పార ముట్టరు. తన వేళ్లు తానే కోసుకోబోయి తల్లి రక్తం ఆగక చనిపోయింది కాబట్టి ఆల్ట్యే కత్తి జోలికి వెళ్లలేదు. కంచె అవతలి ఎవెర్ట్‌ను పిలిచి బతిమాలుకుంది.

"కొయ్యడం ఎంతసేపమ్మా," అన్నాడతను బూట్ల వంక చూసుకుంటూ. "కానీ ఒకరి వరసలో ఇంకొకరు పార దించకూడదు. మా తాతల నాటి నుంచీ లేదది."

డిసెంబరులో నేల గడ్డకట్టింది. గడ్డకట్టాక ఎవరూ వేరు కొయ్యరు.

మార్చిలో పట్నం నుంచి చెట్లు కొనే అధికారి వచ్చాడు. ఆ ఉత్తరం రాసిందీ ఆయనే. టేపుతో కాండాలు కొలిచి, నచ్చినవాటికి సీసపు బిళ్లలు తగిలించుకుంటూ గుమ్మం దాకా వచ్చి, వంగి ఆమె మడమలు గిల్లి చూశాడు. అడిగింది మాత్రం తండ్రిని.

"విడత తప్పిందా?"

"ఒక్కటే తప్పిందండీ. పనుల ఒత్తిడి."

"వేళ్లు మాను కట్టేశాయి. ఇప్పుడు కోస్తే మనిషి దక్కదు."

"వచ్చే నవంబరుకైనా..." అంది ఆల్ట్యే.

ఆయన చెడ్డవాడేం కాదు. కాండాన్ని తట్టినట్టు ఆమె భుజం తట్టి, ఆ పని ఇంకెవరికైనా ఇస్తానని చెప్పి, అరవై లిండెన్లను లారీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

లారీని సాగనంపి హర్మెన్ ఈల వేసుకుంటూ లోపలికి వచ్చాడు. పొయ్యి వంక, కూతురి కాళ్ల వంక మార్చి మార్చి చూశాడు.

"వేళ్లు పొయ్యి దాకా అందుతున్నాయా?"

"అందుతున్నాయి."

"మరింకేం తల్లీ," అని కుర్చీ లాక్కుని కూర్చుని, బంగాళాదుంపలు ఇంకా ఉడకలేదా అని అడిగాడు.