శనివారం కొనని బూట్లు

నేను ఒక బూట్ల జతను. చూసినవాళ్లు ఫుట్‌బాల్ బూట్లనుకుంటారు. అదే నా పాపం. పక్కన ఎర్రటి పట్టీ, ముందు వరసగా కుట్లు, అంతా ఆటగాళ్ల వాలకమే. తిప్పి చూస్తే అడుగు చదును. పచ్చికను పట్టుకునే ముళ్లు ఒక్కటీ లేవు. నన్ను చేసింది షికార్లకు.

నా పుట్టుక చెప్పాలంటే, నేను జనం తాగి పారేసిన ప్లాస్టిక్ నీళ్ల సీసాలను. వాటిని కరిగించి, దారం తీసి నన్ను నేశారు. భూమికి మేలు చేసే బూట్లని డబ్బా మీద అచ్చువేశారు. భూమి సంగతి నాకు తెలియదు. ఒక పిల్లకు మాత్రం కీడు చేశాను.

అనంతపురంలో నేనున్న దుకాణానికి ఒక శనివారం ఓబులేసు వచ్చాడు. వేరుశనగ మిల్లులో మూటలు మోస్తాడు. అతని కూతురు కుళ్లాయమ్మ ఫుట్‌బాల్ ఆడే బూట్ల అడుగు ఊడిపోయింది. సోమవారమే రాష్ట్ర జట్టుకు ఎంపిక. వయసు లెక్కన ఆ పిల్లకు ఇదే ఆఖరి అవకాశం. నా పక్క అరలో ముళ్లున్న అసలు బూట్లు ఆమె కొలతలోనే ఉన్నాయి. ఓబులేసు వాటిని చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాడు.

“శనివారం పూట చెప్పులు కొంటే శని ఎంటబడతాడప్పా. రేపొచ్చి తీసుకుంటా.”

ఆదివారం వచ్చేసరికి అవి అమ్ముడైపోయాయి. దుకాణదారు నన్ను తీసి ముందు పెట్టాడు.

“ఇవీ ఫుట్‌బాల్ మోడలే అన్నా. సీసాలతో చేసినవి, భూమికి మంచిది.”

ఓబులేసు నా ఎర్రపట్టీని వేలితో తడిమి మురిసిపోయాడు. నోరుంటే కాదని అరిచేదాన్ని. అతను నన్ను చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు.

కుళ్లాయమ్మ నన్ను తిప్పి చూసింది. ఆమె బొటనవేలు నా అడుగు మీద కాసేపు ఆగింది. ఆ పిల్లకు అర్థమైపోయింది. తండ్రి గుమ్మంలో నిలబడి ఆమె ముఖమే చూస్తున్నాడు.

“ఎట్లుండాయి పాపా?”

“బాగుండాయి నాయనా.”

సోమవారం పొద్దున్నే వాన పడింది. పాత బూట్లనే తాడుతో బిగించుకుందామని ఆమె అనుకుంది. కానీ ఓబులేసు పని మానుకుని మైదానానికి వచ్చి కూర్చున్నాడు. ఇక నన్నే తొడుక్కుంది. బంతి మూడుసార్లు అందింది. మూడుసార్లూ నేను జారాను. మూడోసారి ఆమె మోకాలు మెలి తిరిగింది. ఎంపికైనవాళ్ల పేర్లు చదివినప్పుడు ఆమె గట్టు మీద ఉంది, నేను బురదలో ఉన్నాను. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

ఇప్పుడామె కుంటుతూ నడుస్తోంది. బంతి మాట ఎత్తదు. ఎందుకు జారిందో తండ్రికి చెప్పనే లేదు.

ఓబులేసు తనకు తోచిన కారణం వెతుక్కున్నాడు. బిడ్డకు శని పట్టిందన్నాడు. నాతోపాటే శని వదిలిపోవాలని, నిన్న శనివారం నన్ను శనీశ్వరుడి గుడికి తెచ్చి, మెట్ల దగ్గర విడిచి దండం పెట్టాడు.

“ఆ పొద్దు నీకు భయపడే గదా సామీ నేను కొనలేదు. మరి మా పాపనెందుకు పట్టుకుంటివి?”

వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. నేను వదిలేసిన చెప్పుల కుప్పలో ఉన్నాను. తోలు చెప్పులు ఎండకూ వానకూ చివికిపోతున్నాయి. అతని ప్రశ్న నా దగ్గరే ఉంది, జవాబూ నా దగ్గరే ఉంది. నాది సీసాలతో చేసిన ఒళ్లు, ఇప్పట్లో చివకదు.