కాలువ అవతలి కళ్ళు

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కలమ్మాయి అనేవారు. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే తనను కాదేమో అనుకుని ఒక్క క్షణం ఆగి పలికేది. ఊళ్ళోని చిన్న క్లినిక్కులన్నిటి నుంచీ రోగుల వివరాలు ఆమె కంప్యూటరుకు వచ్చి చేరేవి. పేర్లుండవు, ఫోన్ నంబర్లుండవు. వయసెంత, ఆడా మగా, ఇల్లు కాలువకు ఇవతలా అవతలా, జబ్బేమిటి, ఏ పరీక్షకు పంపారు, చివరికి ఏమయింది, అంతవరకే. క్లినిక్కులకు కూడా పేర్లు తీసేసి ఒక్కోదానికి ఒక్కో అక్షరం పెట్టేవారు. మంచి వైద్యం ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు, ఎందుకు అందడం లేదు అన్నది తేల్చడం ఆమె పని.

కాలువ ఆ ఊరిని రెండుగా చీల్చింది. ఇవతల బ్యాంకులు, పెద్ద బడులు, బాల్కనీల్లో పూలకుండీలున్న ఇళ్ళు. అవతల బట్టల ఫ్యాక్టరీలు, గోదాములు, వాటిల్లో పనిచేసేవాళ్ళ ఇరుకు వాటాలు. లెక్కలమ్మాయి పుట్టింది, పెరిగింది అవతలే. అక్కడి వాళ్ళ ఆరోగ్యం అంతంతమాత్రమని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. తేడా ఉంటుందని ముందే అనుకుంది. అయినా ఆ సోమవారం పొద్దున తెర మీద కనిపించింది చూసి, పెదాల దాకా వెళ్ళిన టీ కప్పు అక్కడే ఆగిపోయింది.

షుగర్ ఉన్నవాళ్ళు ఏటా ఒకసారి కంటి వెనక పొరను పరీక్ష చేయించుకోవాలి. చిన్న క్లినిక్కుల్లో ఆ యంత్రం ఉండదు. డాక్టరు చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాలి. ‘జ’ అనే క్లినిక్కులో కాలువ ఇవతలి వాళ్ళను దాదాపు అందరినీ పంపారు. అవతలి వాళ్ళలో పదిమందికి ఒకరిని పంపితే గొప్ప. అదే డాక్టరు, అదే గది, అదే జబ్బు. చూపు దెబ్బతిన్నవాళ్ళను లెక్కవేస్తే అవతలి వాళ్ళు ఐదు రెట్లున్నారు.

“ఎక్కడో పొరపాటు చేశాను,” అనుకుంది. మళ్ళీ మొదటి నుంచి చేసింది. వయసు సరిచూసింది, ఎవరికి షుగర్ ఎన్నేళ్ళుగా ఉందో సరిచూసింది. తేడా చెక్కుచెదరలేదు. పోనీ, అవతలి వాళ్ళు క్లినిక్కుకు సరిగా రావడం లేదేమో అని చూసింది. నెలనెలా తప్పకుండా వస్తున్నారు! ఊరు మొత్తం మీద ఇంత క్రమంగా వచ్చే రోగులు ఇంకెక్కడా లేరు. మందులు కూడా వేళకు వాడుతున్నారు. వచ్చి, ఎదురుగా కూర్చుని, వెళ్ళిపోయి, ఒక్కొక్కరే గుడ్డివాళ్ళవుతున్నారు.

కాగితాలు పట్టుకుని డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళింది. ఆయన మాట తక్కువ మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, ఇంకోసారి చదివి, “ఎవడీ దుర్మార్గుడు?” అన్నాడు. రోగులకు హాని జరుగుతోందని తేలితే ఆ క్లినిక్కు ఏదో విప్పి చూసే అధికారం ఆయనకుంది. తన కంప్యూటరులో వెతికి, పేరు బయటికి చదివాడు.

లెక్కలమ్మాయి కుర్చీ వీపును గట్టిగా పట్టుకుంది.

“ఏమ్మా, తెలిసినాయనా?”

“మా మామయ్య సార్. మా అమ్మకి సొంత తమ్ముడు.”

డైరెక్టరు గారు ఆ కాగితాలు తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. “ఈ క్షణం నుంచి ఇది నీ చేతిలో లేదు. వేరేవాళ్ళతో మొదటి నుంచీ లెక్క కట్టిస్తాను. నీ తప్పైతే నాకంటే సంతోషించేవాడుండడు.”

ఆ పని ఆఫీసులో అందరి తప్పులూ వెతికే ఒక పెద్దమనిషికి పడింది. ఆమె తప్పు దొరుకుతుందేమోనని ఆయన ఉత్సాహంగానే మొదలుపెట్టాడు. వారం తర్వాత ఎదురుపడి, తల వంచుకుని, “నువ్వు చెప్పిందే వచ్చిందమ్మా,” అని పక్కకు తప్పుకున్నాడు. ఆఫీసు నుంచి ఆ క్లినిక్కుకు కబురు వెళ్ళింది.

మామయ్య అంటే ఎవరనుకున్నారు? కాలువ అవతల పుట్టి డాక్టరైన మొదటి మనిషి. చదువయ్యాక మంచి ఉద్యోగాలు పిలిచినా పోకుండా వంతెన పక్కనే క్లినిక్కు తెరిచాడు, రెండు వైపుల వాళ్ళూ రావచ్చని. అవతలి వాళ్ళకు ఆయన ‘మన డాక్టరు’. ఆయన జోకులకు సగం జబ్బు అక్కడే తగ్గుతుందని నవ్వుకునేవారు. తండ్రి లేని మేనకోడలిని భుజాన ఎత్తుకుని తిప్పింది, లెక్కలంటే భయం పోగొట్టింది కూడా ఆయనే.

కబురు అందిన రోజు ఆయనే ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు. “ఏమే, ఈ లెక్క కట్టింది నువ్వేనట?”

“మొదట నేనే మామయ్యా.”

“నా వాళ్ళని నేను చూడట్లేదా? కళ్ళు పోగొడుతున్నానా నేను? నీ కంప్యూటరుకేం తెలుసే, మనుషుల సంగతి? రేపు పొద్దున్నే రా. నా పక్కన కూర్చుని నీ కళ్ళతో నువ్వే చూడు.”

వెళ్ళింది. మామయ్య ఆమెను బల్ల పక్కన మూలగా కూర్చోబెట్టి, వచ్చిన ప్రతివాళ్ళనూ “మా మేనకోడలు ఉంటే మీకు అభ్యంతరమా?” అని అడిగి మరీ పని మొదలుపెట్టాడు. కాలువ ఇవతలి నుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చాడు. మామయ్య ఆయన షుగర్ చూశాడు, పాదాలు చూశాడు, మాటల మధ్యలోనే కంటి పరీక్షకు చీటీ రాసిచ్చేశాడు. మాస్టారు అడగను కూడా లేదు.

తర్వాత అవతలి ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు కుట్టే ఒకావిడ వచ్చింది. మామయ్య లేచి ఆవిడకు తనే కుర్చీ జరిపాడు. పిల్లల పేర్లు పెట్టి అడిగాడు. పాదాలు మాస్టారివి చూసినదానికంటే శ్రద్ధగా చూశాడు.

“ఈమధ్య దారం రెండుగా కనబడుతోంది డాక్టరు గారూ. సాయంత్రమైతే మరీను,” అందావిడ.

“దారం రెండైతే కూలీ కూడా రెండింతలు ఇమ్మనకపోయావా?” అన్నాడు మామయ్య. ఆవిడ కిలకిలా నవ్వింది. “మిషను లైటు కిందకి జరుపుకో. అద్దాలు మార్పించుకో. పెద్దాసుపత్రికి పంపితే రోజల్లా లైన్లో నిలబెడతారు తల్లీ, మేస్త్రీ చేత నువ్వు తిట్లు తినాలి. ఆ తిప్పలన్నీ నీకెందుకు? మందు మారుస్తా, నేను చూసుకుంటాగా.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించింది. లెక్కలమ్మాయి నిర్లక్ష్యమేమోనని, విసుగేమోనని వారం రోజులుగా మథనపడింది. ఇక్కడ ఆ ఛాయలే లేవు. ఉన్నదంతా ప్రేమే. తను ఏళ్ళ తరబడి చూసిన, తాగి పెరిగిన ప్రేమే. మామయ్య మాత్రం ఏమీ జరగనట్టు ‘చూశావా’ అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు.

ఆవిడ లేవబోతుంటే లెక్కలమ్మాయి ఉండబట్టలేకపోయింది. “ఒక్క మాటమ్మా. డాక్టరు గారు వెళ్ళమంటే పెద్దాసుపత్రికి వెళ్ళేవారా?”

“అదేం మాటమ్మా!” ఆవిడ వింతగా చూసింది. “ఆయన పొమ్మంటే పోనా? మా చెల్లెలి కాలు విరిగితే మూడు బస్సులు మారి నెల్లాళ్ళు తిప్పాను. మేస్త్రీ తిట్లు మాకు కొత్తా?” అని, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. “ఏం డాక్టరు గారూ, వెళ్ళాల్సిన పనుందా?”

మామయ్య చేతిలో కలం అలాగే ఉండిపోయింది. ఆయన మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు ఒక మూల వేలాడుతోంది. నెమ్మదిగా అదీ పోయింది. మొహం సున్నం కొట్టినట్టయింది.

“ఉందమ్మా,” అన్నాడు చివరికి. “ఉంది. ఎప్పుడో ఉంది.”

చీటీ రాసిచ్చాడు. ఆవిడ వెళ్ళాక బయట ఉన్నవాళ్ళను కాసేపు ఆగమని నర్సుతో చెప్పించి, తలుపు మూసి, అద్దంలో తనను తాను మొదటిసారి చూస్తున్నవాడిలా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

“వాళ్ళు వెళ్ళలేరనుకున్నానే. నాకు తెలుసుగా ఆ బతుకు, అందుకని... ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరినీ అడగలేదు.” ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. “అక్క!”

“ఏంటి మామయ్యా?”

“అక్కకి కూడా రాయలేదే.”

అమ్మకు పన్నెండేళ్ళుగా షుగర్. లెక్కలమ్మాయి నెలలపాటు అటూ ఇటూ తిప్పి, కూడి, భాగించిన ఆ పేర్లు లేని వరసల్లో ఎక్కడో ఒకటి అమ్మది. దాని మీదుగా ఎన్నిసార్లు కళ్ళు పరిగెత్తించిందో! ఇంట్లో మాత్రం “మందు వేసుకున్నావా?” తప్ప ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇద్దరూ వంతెన మీదుగా పరుగులాంటి నడకతో వెళ్ళారు. అమ్మ మూడో అంతస్తు వాటాలో బల్ల మీద చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఫ్యాక్టరీ మానేసినా చేతులు ఊరుకోక చుట్టుపక్కల వాళ్ళవి చేసిపెడుతుంది. పట్టపగలు ఇద్దరూ కలిసి ఊడిపడేసరికి కంగారుపడింది.

“ఎవరికేమైందిరా?”

“ఏం కాలేదక్కా. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఇలా కూర్చో.” మామయ్య ఆవిడ కుడికన్ను మీద తన అరచెయ్యి కప్పాడు. రెండో చెయ్యి ఆవిడ మొహానికి ఎదురుగా చాపి మూడు వేళ్ళు చూపించాడు. “ఎన్ని?”

“ఏంట్రా ఈ ఆటలు?”

“చెప్పక్కా. ఎన్ని వేళ్ళు?”

అమ్మ మొహం కాస్త అటూ ఇటూ తిప్పింది. “ముందు నీ చెయ్యి ఎక్కడ పెట్టావో చెప్పరా,” అంది.

మామయ్య కొయ్యబారిపోయాడు. లెక్కలమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఆ కంటికి మసక ఎప్పటినుంచో ఉందిగా,” అంది అమ్మ, వాళ్ళెందుకు అలా అయిపోయారో అర్థంకాక. “నీకు చెప్పాను కూడా. అద్దాలు మార్చుకోమన్నావు. మార్చుకున్నాను. వయసు మీద పడుతోంది కదా అనుకున్నా.”

పెద్దాసుపత్రిలో ఎడమకన్ను ఇక రాదన్నారు. కుడికంట్లో కూడా రక్తనాళాలు చిట్లడం మొదలైందని, ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే అదీ దక్కేది కాదని చెప్పి, లేజరు చేసి నిలబెట్టారు. వసారాలో బెంచీ మీద మామయ్య అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆవిడ ఏడవలేదు, అరవలేదు.

“నామీద జాలిపడ్డావు. సరే, తమ్ముడివి కదా,” అంది. “వెళ్తానో వెళ్ళనో నేను కదరా చెప్పాల్సింది? నన్ను ఒక్క మాట అడిగావా?”

ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ తమ్ముడితో నేరుగా మాట్లాడలేదు. ఆయన ఎదురుగా ఉన్నా సరే, “మీ మామయ్యని టీ చల్లారకముందే తాగమను,” అనేది కూతురితో. ఆయన తాగేవాడు.

ఊళ్ళోని డాక్టర్లందరినీ పిలిచి డైరెక్టరు గారు ఆ లెక్కలు చూపించిన రోజున ‘జ’ దగ్గరికి వచ్చేసరికి గుసగుసలు మొదలయ్యాయి. “ఎవడో కటిక కసాయి అయ్యుంటాడు,” అన్నాడు ముందు వరసలో ఒకాయన. మామయ్య లేచాడు. “నేనేనండీ,” అన్నాడు. ఆ మాట అన్నాయన చేతిలోంచి గ్లాసు జారిపోయింది. అందరికీ తెలిసిన ఆ దయగల మనిషి, ఏం చేశాడో, ఎందుకు చేశాడో ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. ముగిశాక ఒక లేడీ డాక్టరు లెక్కలమ్మాయి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, “మాది ఏ అక్షరమో కాస్త చూసి చెబుతారా?” అంది. ఆవిడ వెనక మరో నలుగురు నిలబడి ఉన్నారు.

నెల తిరక్కుండానే కంటి ఫోటోలు తీసే యంత్రం ఒకటి కాలువ అవతలికి వచ్చింది, ఫ్యాక్టరీల సెలవు రోజున. మామయ్య తన పాత రోగులకు ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి, ఇంతకాలం పంపకపోవడం తన తప్పని చెప్పి రమ్మన్నాడు. వచ్చినవాళ్ళలో చాలామందికి సమయం మించిపోలేదు. కొందరికి మించిపోయింది. గోదాము కాపలాదారు ఒకాయనకు రెండు కళ్ళూ దెబ్బతిన్నాయని తేలింది. ఆయన మామయ్య ఎదుట నిలబడి, “నెలనెలా వచ్చాను కదయ్యా నీ దగ్గరికి! నిన్ను దేవుడనుకున్నాను కదయ్యా!” అని బల్ల మీద చరిచి వెళ్ళిపోయాడు. మామయ్య ఆయన వెంట వెళ్ళలేకపోయాడు.

కొన్ని వారాల తర్వాత ఆ కాపలాదారు కోడలి చెయ్యి పట్టుకుని క్లినిక్కుకు వచ్చాడు. దణ్ణం పెట్టలేదు, పలకరించలేదు. కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

“కుడికంటికి ఇంకా కాస్త ఆశ ఉందన్నారు. చీటీ రాయి,” అన్నాడు.

మామయ్య కలం తీసుకున్నాడు. “రెండు రోజులు అక్కడే ఉండాల్సి రావచ్చు. సూది కంట్లోకే వేస్తారు, నొప్పుంటుంది. ఒకసారితో అయిపోదు. ఇదీ సంగతి. వెళ్తారా?”

“వెళ్తాను.”

రాసిచ్చాడు. కాపలాదారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కోడలి భుజం పట్టుకుని లేచాడు. మామయ్య తలుపు తెరిచి పట్టుకున్నాడు. మెట్లు దగ్గరపడినప్పుడు “ఇక్కడ మెట్టుంది” అని చెప్పాడు. ఆయన విన్నట్టే అడుగు జాగ్రత్తగా వేశాడు, మాట మాత్రం కలపలేదు.