మట్టికి తోడు

మా పెరట్లో పడమటి మూల ఒట్టి చవుడు. ఉప్పు పైకి తేలి తెల్లగా మెరుస్తుంది తప్ప గడ్డిపరక మొలవదు. మొగుడు వదిలేస్తే పుట్టింటికి వచ్చిన మా ఆడబిడ్డ జుల్హుమార్‌కి మా ఆయన హిక్మతుల్లా ఆ మూలనే చూపించాడు.

"ద్రాక్ష పండేలోపు ఇది పచ్చబడితే నువ్విక్కడే ఉండు. లేదంటే ఖోకంద్ పట్నంలో పెళ్ళాం పోయిన ఆ మాంసం కొట్టాయన్ని చేసుకో."

చెల్లెలితో మాట్లాడే తీరా అది? ఆమె తట్ట పుచ్చుకుని బయల్దేరింది. ముసలి మల్బరీ చెట్టు కింద తెల్లటి బూజు దారాలు అల్లుకున్న నల్లమట్టి తవ్వి తెచ్చింది. గోధుమ తవుడు, పెరుగు తేట, కాస్త మల్బరీ పాకం కలిపి, జాడీలో పోసి గుడ్డ కట్టింది. పులిసిన వాసన ఇల్లంతా కమ్మింది.

"ఏం మందే అది?" అన్నాడు మా ఆయన.

"మందు కాదన్నయ్యా, తోడు. పాలకి వేసినట్టే మట్టికీను. కంటికి కనబడని ప్రాణులుంటాయిందులో. వేళ్ళకి తిండి అందిస్తాయి."

"నీకు దొరకని తోడు మట్టికి దొరికిందన్నమాట!" పగలబడి నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మనిషికి పోసేదీ, మొక్కకి పోసేదీ, ఎలకకి పెట్టేదీ మా ఊళ్ళో అన్నీ మందులే. ఆయన నోటికి ఇంకో మాట తిరగలేదు. ఆమె రోజూ ఆ తోడు పోస్తుంటే మూలలో ముందు కలుపు మొలిచింది, తర్వాత నాటిన టమాటాలు నిలదొక్కుకున్నాయి, గులాబీ మొగ్గ తొడిగింది. టీ కొట్టు దగ్గర "మా చెల్లి మందు" అంటూ గొప్పలు పోయాడు.

నడివేసవిలో రెండు మూడు టమాటా ఆకుల మీద మచ్చలు కనిపించాయి. ఆ రోజు జుల్హుమార్ పిన్ని ఇంటికి పరామర్శకి వెళ్ళింది. నేను తందూరులో రొట్టెలు కాలుస్తున్నాను. ఎన్నడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది మా ఆయనకి. ద్రాక్షకి బూజు చావడానికి కొట్టగా మిగిలిన మైలుతుత్తం నీళ్ళన్నీ ఆ జాడీలో కుమ్మరించి, మొక్క మొక్కకీ తనే పోశాడు. నేను తల తిప్పి చూసేసరికి జాడీ నీలంగా ఉంది.

"రెండు మందులు కలిస్తే బలం కదే! చెల్లి చూసి మురిసిపోతుంది."

జుల్హుమార్ వచ్చి జాడీ వాసన చూసింది. "చచ్చిపోయాయి," అంది.

"ఏవి? నేనెవర్నీ చంపలేదే!" అన్నాడాయన.

వారం తిరక్కుండా మూలంతా మాడిపోయింది. మా ఆయన ఏడ్చాడు, నిజంగానే. కానీ ద్రాక్ష పండి ఖోకంద్ వాళ్ళు వచ్చేసరికి మాట తప్పలేనన్నాడు. అంత ఏడుపూ ఎందుకు ఏడ్చినట్టో!

గడప దాటేవాళ్ళు రొట్టె కొరికి వెళ్తే, మళ్ళీ వచ్చి తినేదాకా దాన్ని గోడకి వేలాడదీస్తాం. జుల్హుమార్ ఖోకంద్ బయల్దేరే రోజు మా ఆయనే రొట్టె తెచ్చి అందించాడు.

"కొరుకమ్మా."

జుల్హుమార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో మందేం కలపలేదు కదా, అన్నయ్యా?"

కొరక్కుండానే నా చేతిలో పెట్టి బండెక్కింది.